తెర మీద 24 డిగ్రీలు, గదిలో ఎంత?

పెద్ద ఆఫీసు భవనాల్లో ఏసీలు, ఫ్యాన్లు, నీటి పంపులు అన్నిటినీ ఒకచోట కూర్చుని చూసుకునే గది ఉంటుంది. అక్కడి తెర మీద "మీటింగ్ రూమ్: 24 డిగ్రీలు" అని కనిపిస్తుంది. ఆ అంకె గోడ మీది సెన్సర్ దగ్గర పుట్టి, ఏసీని నడిపే చిన్న కంప్యూటర్ లాంటి కంట్రోలర్‌కు వచ్చి, వైర్ల మీదుగా సాఫ్ట్‌వేర్‌కు చేరింది. దారిలో వైరు తెగినా తెర మీద 24 అలాగే నిలిచి ఉండొచ్చు. మరి దాన్ని నమ్మాలా వద్దా?

ఈ ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్ అమరికలోనే ఉంటుంది. అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో ట్రిడియం సంస్థ ఇలాంటి భవనాల కోసం తయారుచేసిన నయాగరా అనే సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. దీంట్లో యంత్రాలతో మాట్లాడే భాగాన్ని డ్రైవర్ అంటారు. యంత్రాలన్నీ ఒకే భాష మాట్లాడవు. కరెంటు మీటరుది చాలాసార్లు మోడ్‌బస్. 1979లో వచ్చిన ఈ పద్ధతికి రిజిస్టర్ల (విలువలు దాచే గడుల) నంబర్లు తప్ప పేర్లు, కొలమానాలు తెలియవు. ఏ నంబర్లో ఏముందో మాన్యువల్ తిరగేసి మనమే చెప్పాలి. 1995లో ప్రమాణంగా వెలువడిన బ్యాక్‌నెట్‌లో అయితే ప్రతి విలువకూ పేరు ఉంటుంది, అది డిగ్రీలో వాట్లో కూడా తెలుస్తుంది. ఇంత తేడా ఉన్నా నయాగరాలో రెండిటి రూపం ఒకటే: పైన నెట్‌వర్క్, దాని కింద డివైస్‌లు, వాటి కింద పాయింట్లు, అంటే ఒక్కో విలువ.

పాయింటును ఇక్కడ ప్రాక్సీ పాయింట్ అంటారు. ఈ మాట నాకు చాలా నచ్చుతుంది. అసలు విలువ దూరాన కంట్రోలర్‌లో ఉంది, తెర మీద ఉన్నది దాని తరఫున వచ్చిన మనిషి లాంటిది. అతను చెప్పిన మాటతో పాటు, ఎప్పుడు విని వచ్చాడో కూడా మనకు తెలియాలి. అందుకే ప్రతి విలువ పక్కనా దాని స్థితి ఉంటుంది.

ఆ స్థితి పై నుంచి కిందికి పారుతుంది. నెట్‌వర్క్‌లో ఉండే పింగ్ మానిటర్ డివైస్‌లను అప్పుడప్పుడు పలకరిస్తూ ఉంటుంది. ఒకటి పలకలేదంటే దాన్ని డౌన్ అని గుర్తిస్తుంది, దాని కింది పాయింట్లన్నీ పసుపు రంగుకు మారిపోతాయి. చివరి అంకె ఇంకా కనిపిస్తుంది కానీ నమ్మొద్దని రంగే చెబుతుంది. నెట్‌వర్క్ మొత్తాన్ని ఆపేస్తే దాని కింద ఉన్నవన్నీ ఆగిపోయినట్టే.

పలకరింపుకూ ఖర్చు ఉంది. ఒకే జత వైర్ల మీద ఎన్నో కంట్రోలర్లు ఉన్నప్పుడు ఒక్కసారికి ఒకరే మాట్లాడాలి. అందుకే పోలింగ్‌ను, అంటే పాయింట్ల విలువలను పదే పదే అడిగే పనిని, మూడు వేగాలుగా విడగొట్టారు. మామూలుగా అవి 1 సెకను, 5 సెకన్లు, 30 సెకన్లు. గోడలు, గాలి, సామాన్లు వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి గది ఉష్ణోగ్రత 30 సెకన్లలో పెద్దగా మారదు. అన్నిటినీ వేగంగా అడగాలని పెడితే లైను కిక్కిరిసి, అసలు తొందరగా కావలసిన విలువే ఆలస్యమవుతుంది. ఇంకో పొదుపు కూడా ఉంది. తెర మీద ఎవరూ చూడని, ఏ లెక్కకూ, ఏ రికార్డుకూ అక్కర్లేని పాయింటును అసలు అడగరు.

ఆజ్ఞలు పంపే పాయింట్లలో 16 స్థాయిల ప్రాధాన్యం ఉంటుంది. 1 అత్యవసరానికి, 8 మనిషి చేత్తో ఇచ్చే ఆజ్ఞకు. చిన్న నంబరుదే గెలుపు. నేను చూసిన ఒక భవనంలో రాత్రి ఆగాల్సిన ఫ్యాన్ తెల్లవార్లూ తిరిగేది. టైమ్‌టేబుల్ తప్పని అందరూ టెన్షన్ పడుతూ దాన్నే మళ్లీ మళ్లీ సరిచేశారు. ఎప్పుడో రిపేరు రోజున ఎవరో 8వ స్థాయిలో ఆన్ చేసి, తిరిగి ఆటోలో పెట్టడం మర్చిపోయారు. ఆ పాయింటు అన్నాళ్లూ, చేత్తో ఇచ్చిన ఆజ్ఞ నడుస్తోందని చెప్పే ఊదారంగులోనే ఉంది, పక్కన "ఆన్, ఓవర్‌రిడెన్, 8" అని రాసి మరీ.