పెల్లెట్ గుణం బూడిదలో తెలుస్తుంది

హైదరాబాద్‌లో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి పొయ్యి పెట్టుకునే అవసరం ఎవరికీ రాదు. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. అయినా కలప పెల్లెట్ల గురించి, అంటే పొట్టును అదిమి చేసే చిన్న కడ్డీల్లాంటి ఇంధనం గురించి, అడిగేవాళ్లు ఇప్పుడు రెండు వైపుల నుంచీ కనిపిస్తున్నారు. అమెరికాలోనో జర్మనీలోనో స్థిరపడి, చలికాలం హాల్లో పెల్లెట్ స్టవ్ వెలిగించుకునే మనవాళ్లు ఒకవైపు. కమర్షియల్ సిలిండర్ ఖర్చు తట్టుకోలేక బ్లోయర్ ఉన్న పెల్లెట్ పొయ్యికి మారిన మెస్సులు, టిఫిన్ సెంటర్లు, క్యాటరింగ్ వాళ్లు ఇంకోవైపు. ఏ బస్తా కొనాలన్నదే ఇద్దరి ప్రశ్నా.

రంపపు పొట్టు మనకు కొత్త ఇంధనమేం కాదు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా లాగేసి వెలిగించే పొట్టు పొయ్యి ఒకప్పుడు చాలా ఇళ్లలో ఉండేది. పెల్లెట్ కూడా ఆ పొట్టే. దాన్ని ఆరబెట్టి, ఇంకా సన్నగా పొడి చేసి, ఉక్కు అచ్చు రంధ్రాల్లోంచి విపరీతమైన ఒత్తిడితో తోస్తారు. రాపిడికి పుట్టిన వేడికి చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే జిగురులాంటి పదార్థం మెత్తబడుతుంది, చల్లారాక బిగుసుకుని రేణువులను పట్టి ఉంచుతుంది. మంచి కలప పొట్టుకు వేరే జిగురు అక్కర్లేదు. పెల్లెట్ పైన కనిపించే నున్నటి మెరుపు ఆ లిగ్నిన్‌దే.

కట్టెల పొయ్యి దగ్గర మనిషి కూర్చుంటాడు. మంట తగ్గితే కట్టె ఎగదోస్తాడు, పొగ వస్తే గొట్టంతో ఊదుతాడు. పెల్లెట్ స్టవ్‌లో ఆ పని మర చేస్తుంది. తొట్టి కింద స్క్రూ తిరుగుతూ ఇంతసేపటికి ఇంత అని పెల్లెట్లను మంటలోకి నెడుతుంది. దానికి తెలిసింది ఎంత చోటు నిండిందన్నదే, ఎంత బరువు పడిందో తెలియదు. పెల్లెట్లు తేలికగా ఉన్నా, నలిగి పొడైనా, మరీ పొడవై తొట్టిలో అడ్డం పడినా, గాలి మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. ఇంధనానికీ గాలికీ పొత్తు చెడి మంట చల్లబడుతుంది, పొగ మొదలవుతుంది. అందుకే నా లెక్కలో నాణ్యత అంటే ముందుగా అన్నీ ఒకే తీరుగా ఉండటం, వేడి ఎంతన్నది ఆ తర్వాత. యూరప్‌లో ఎన్‌ప్లస్ అనే నాణ్యతా ముద్రతో అమ్మే ఏ1 రకానికి పెట్టిన హద్దులు చూస్తే ఇది అర్థమవుతుంది. వ్యాసం 6 లేదా 8 మిల్లీమీటర్లు, పొడవు 40 మిల్లీమీటర్ల లోపు, తేమ 10 శాతానికి మించకూడదు, ఘనపు మీటరు బరువు 600 నుంచి 750 కిలోలు, బూడిద 0.7 శాతం దాటకూడదు. అమెరికాలో పెల్లెట్ ఫ్యూయల్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రీమియం గ్రేడుకు బూడిద హద్దు 1 శాతం.

వీటిలో బరువు సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 5 లీటర్ల బకెట్ నిండా పెల్లెట్లు పోసి, పైన సమం చేసి తూకం వేస్తే 3 కిలోలకు తగ్గకూడదు. ఒక పెల్లెట్‌ను రెండు చేతులా పట్టి విరిస్తే టక్కున విరగాలి. మెత్తగా నలిగిందంటే సరిగా బిగియలేదన్నమాట. గ్లాసు నీళ్లలో వేస్తే మునగాలి, కాసేపటికి ఉబ్బి పొట్టుగా విడిపోవాలి. బస్తా అడుగున ఎంత పొడి చేరిందో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. రంగును మాత్రం నమ్మకండి. బెరడు కలిసినా ముదురు రంగే వస్తుంది, ఆ చెట్టు సహజ రంగు ముదురైనా అంతే.

బస్తా మీద అచ్చేసే కిలో కేలరీల అంకెకు మనవాళ్లు ఎక్కువ విలువ ఇస్తారు. పూర్తిగా ఎండిన కలప ఏ చెట్టుదైనా కిలోకు సుమారు 19 మెగాజౌళ్ల (దాదాపు 4,500 కిలో కేలరీల) దగ్గరే ఉంటుంది. తేడా అంతా తేమతోనూ బూడిదతోనూ వస్తుంది. తేమ 10 శాతం నుంచి 20కి పెరిగితే చేతికొచ్చే వేడిలో దాదాపు ఎనిమిదో వంతు పోతుంది. ఆ నీళ్లకు తూకంలో డబ్బు కట్టేదీ మనమే. గ్యాస్‌తో పోలిస్తే, 19 కిలోల సిలిండర్‌లో ఉన్నంత వేడి కావాలంటే మంచి పెల్లెట్లు 50 కిలోలకు పైనే పడతాయి. ధర బేరం చేసేటప్పుడు ఈ లెక్క పక్కన పెట్టుకోవాలి.

ఇక బూడిద. అమీర్‌పేట హాస్టళ్ల మధ్య ఒక మెస్‌లో వంట మాస్టర్ తన గోడు చెప్పాడు: "పొద్దున మస్తు మండుతది సార్. పదకొండు దాటితె గాలి ఎక్కదు, పొగ లేస్తది." పెల్లెట్లు మండే చోట అడుగున ఉండే జాలీని పట్టకారుతో బయటికి తీసి చూపించాడు. సగం రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. వాటికి బూడిదరంగు గడ్డలు కరుచుకుని ఉన్నాయి, విరగ్గొడితే లోపల బుడగలు, గాజులాంటి మెరుపు. అది నిజంగా గాజు లాంటిదే. పెల్లెట్లను కలప పొట్టుతోనే కాదు, వరి ఊక, పత్తి కట్టె వంటి వాటితోనూ చేస్తారు. వరి ఊక కాలితే ప్రతి వందలో 15 నుంచి 20 వంతుల దాకా బూడిదే మిగులుతుంది, అందులో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. సిలికా ఒక్కటే అయితే పొయ్యి వేడికి కరగదు. పత్తి కట్టె, గడ్డి వంటి వాటి బూడిదలో పొటాషియం ఎక్కువ. రెండూ ఒకే పెల్లెట్‌లో కలిస్తే కరిగే వేడి బాగా దిగిపోతుంది. గాజు తయారీలో ఇసుకకు సోడా కలపడం వెనక ఉన్న రసాయనం కూడా ఇదే. కరిగిన బూడిద జాలీ మీద చేరి గట్టిపడి గాలిదారి మూసేస్తుంది. తప్పు మాస్టర్‌దీ కాదు, పొయ్యిదీ కాదు, బస్తాలో ఉన్న సరుకుది.

15 కిలోల ఏ1 బస్తా మొత్తం కాలితే మిగిలే బూడిద 105 గ్రాములకు మించదు. ఊక పెల్లెట్లయితే అదే బస్తాకు 3 కిలోల దాకా ఎత్తిపోయాలి. ఊకను తీసిపారేయమని నేననను. రైస్ మిల్లుల బాయిలర్లలో అది చక్కగా పనికొస్తుంది. ఇంటి స్టవ్‌కూ చిన్న వంట పొయ్యికీ మాత్రం సుబాబుల్, సరుగుడు, యూకలిప్టస్ వంటి శుభ్రమైన కలప పొట్టుతో చేసినవే అడగాలి. అమ్మేవాడు "అగ్రో పెల్లెట్లు" అని వదిలేస్తే, ఏమేం కలిపారో విడమరిచి చెప్పించుకోవాలి. ఒక కిలో విడిగా కాల్చి, చల్లారిన బూడిదను వంటింటి కాటా మీద తూచి చూసుకుంటే మాటలతో పని ఉండదు.

నాకు ఎక్కువ భయం ఫర్నిచర్ వర్క్‌షాపుల నుంచి వచ్చే పొట్టంటే. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) పొట్టులో యూరియా ఫార్మాల్డిహైడ్ రెజిన్ అనే జిగురు ఉంటుంది. రంగులు, లామినేట్ ముక్కలు కూడా కలిసే అవకాశం ఉంది. రెజిన్‌లోని నైట్రోజన్ మంటలో నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. పీవీసీ ప్లాస్టిక్ ఉంటే క్లోరిన్ వస్తుంది, అది లోహాన్ని తినేస్తుంది. ఏ1 ప్రమాణంలో నైట్రోజన్‌ను 0.3 శాతానికి, క్లోరిన్‌ను 0.02 శాతానికి కట్టడి చేసింది ఇందుకే. ఇడ్లీ ఉడికే చోట ఇలాంటి పొగ వద్దే వద్దు.

నిల్వ గురించి ఒక హెచ్చరిక తప్పదు. చెక్కలోని కొవ్వు పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి. దానికి వాసన ఉండదు. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో, పెల్లెట్లు తెచ్చిన ఓడలో సరుకు గది పక్కన మెట్లదారిలోకి దిగిన ఒక నావికుడు ఈ వాయువుతోనే చనిపోయాడు. గాలి ఆడే చోట పెట్టిన నాలుగైదు బస్తాలతో ఆ ప్రమాదం లేదు. టన్నుల లెక్కన నింపి మూసిన గదిలోకి మాత్రం తలుపులు తెరిచి, బాగా గాలి ఆడనిచ్చాకే వెళ్లాలి. వానాకాలంలో బస్తాలను నేలకూ గోడకూ తగలకుండా చెక్క పలకల మీద పేర్చాలి, విప్పిన బస్తా మూతి బిగించి కట్టాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏ నెలకు ఆ నెల సరిపడా కొనుక్కుంటే పెల్లెట్లు చెమ్మ పీల్చి పొడి కాకుండా ఉంటాయి.