చేంతాడును బట్టి బావి లోతు

బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల (ఫేజ్‌ల) తోకలు తమంతట తామే ఎలా అమరుతాయో చెప్పిన రోజున ఒక డిగ్రీ విద్యార్థిని వేసిన ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు: "ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోయే ఆ ప్రోటీన్లకు ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు సార్?" మన పాఠాలు 'స్వయం అమరిక' అనే మాటతో ముగిసిపోతాయి, విన్నవారిలో కొందరు ఆ మాట వెనుక ఏదో ప్రాణశక్తి ఉందనుకుంటారు. వేడికి కదిలే అణువుల తాకిడి, ఒకదానిలో ఒకటి కుదిరే ప్రోటీన్ల ఉపరితలాలు ఈ పేర్పుకు చాలు. అందువల్ల ఆగడానికి కూడా అలాంటి భౌతిక కారణమే ఉండాలి.

టీ4 అనే ఫేజ్ తోకను వరలు దించిన చేదబావిగా ఊహించుకోండి. ఆరు ప్రోటీన్లు చేరితే ఒక వర, అలాంటి 23 వరలు పేరిస్తే తోక తొడుగు. అంటే జీపీ18 అనే ఒకే ప్రోటీన్ ప్రతులు 138. ప్రతి వరా కిందిదాని కన్నా సుమారు 17 డిగ్రీలు తిరిగి, 4 నానోమీటర్ల ఎత్తున కూర్చుంటుంది. ఫేజ్ బ్యాక్టీరియాను పట్టుకోగానే ఆ మలుపు దాదాపు 33 డిగ్రీలకు పెరిగి, వరల మధ్య ఎడం 1.6 నానోమీటర్లకు తగ్గి, 92 నానోమీటర్ల తొడుగు 42కు కుంచించుకుపోతూ లోపలి గొట్టాన్ని బ్యాక్టీరియా పొరలోకి సూదిలా దింపుతుంది.

బావిలో నీరు పడ్డాక మేస్త్రీ వరలు దించడం ఆపుతాడు. ఫేజ్‌లో ఆ పని చేంతాడుది. లాంబ్డా అనే మరో ఫేజ్ తోక గొట్టంలో 32 వరలుంటాయి, వాటి నడుమ జీపీహెచ్ అనే పొడవాటి ప్రోటీన్ చేంతాడులా ఉంటుంది. అందులోని 853 అమైనో ఆమ్లాలు మెలిక తిరిగి, ఒక్కోటి 0.15 నానోమీటర్ల చొప్పున సాగితే సుమారు 128 నానోమీటర్లు వస్తుంది. గొట్టం పొడవు కూడా దానికి దగ్గరే. 1984లో ఇసావో కత్సురా, రోజర్ హెండ్రిక్స్ ఈ ప్రోటీన్ జన్యువును కురచ చేసి చూపారు: తాడు ఎంత తగ్గితే తోక అంత పొట్టిదైంది. మనం బావి లోతు చూసి చేంతాడు కొంటాం, ఇక్కడ చేంతాడు పొడవు చూసి బావి కడతారు. తాడు చివరికి చేరాక జీపీయూ అనే ప్రోటీన్ పైవర మీద కూర్చుని పేర్పును ఆపేస్తుంది. తరువాత డీఎన్ఏ దిగేటప్పుడు ఆ తాడే ముందుగా బయటికి జారి దారి వదులుతుంది.

తాడునూ, తోక అడుగున ఉండే పునాది పలకనూ తీసేస్తే ఏమవుతుంది? టీ4లో పునాది పలక లేనప్పుడు జీపీ18 హద్దులేని పొడవున గొట్టాలు కడుతుంది. అవి కుంచించుకున్న తొడుగునే పోలి ఉంటాయి, ఎందుకంటే శక్తిపరంగా నిలకడైన రూపం అదే. లిథువేనియాలోని విల్నియస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎఫ్‌వీ3 అనే ఫేజ్ తొడుగు ప్రోటీన్ జీపీ053ను ఒక్కదాన్నే ఈ.కోలి అనే బ్యాక్టీరియాలో తయారు చేయించినప్పుడు, మరే ఫేజ్ ప్రోటీన్ తోడూ లేకుండానే గొట్టాలు ఏర్పడ్డాయి. అయితే పొడవులు మాత్రం రకరకాలు.

వీటి గోడలకు ఎంజైములను అతికించి వాడుకోవాలనుకునేవారికి ఇదే చిక్కు. వరల లెక్క తేలకపోతే ఒక్కో గొట్టం ఎన్ని ఎంజైములు మోస్తుందో తేలదు. విద్యార్థిని ప్రశ్న సరిగ్గా ఇక్కడికే వచ్చి నిలుస్తుంది. తొడుగుకు సొంత కొలబద్ద లేదు, అది లోపలి గొట్టం పొడవునే అనుసరిస్తుంది. ఆ గొట్టానికి తాడు కావాలి, ఆ తాడు కట్టడానికి పునాది పలక కావాలి.