కుర్చీ ఎక్కడ వేసుకోవాలి?

చిట్టీ, చిన్నోడా,

బతుకమ్మ సెలవుల్లో మీ నాన్న హాల్లో కొత్త స్పీకర్ల జత పెట్టాడట. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే పాట దుమ్ దుమ్‌మని మోగుతోందని, హాలు నడుమకు వస్తే ఆ మోత సగం పోతోందని, "స్పీకర్ పాడైందా తాతా?" అని చిట్టి ఫోన్లో అడిగింది. పాడవలేదు తల్లీ. అంతా మీరు కూర్చునే చోటులోనే ఉంది. ఫోన్లో చెప్తే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నా.

నా చిన్నప్పుడు దేవరకొండ దగ్గర మా బావి గడ్డ మీద బర్రెలు నీళ్లు తాగే రాతి తొట్టి ఒకటి ఉండేది, పొడుగ్గా, లోపలంతా పచ్చగా నాచు పట్టి. బడి నుంచి రాగానే దాన్ని నింపడం నా పని. నింపాక ఒక చివర అరచెయ్యి పెట్టి నీళ్లను లయగా నెడుతుంటే, నీళ్లు ఆ చివర లేచి, ఈ చివర లేచి, కాసేపటికి గట్టు దాటి నా కాళ్ల మీద పడేవి. లయ తప్పితే మాత్రం ఏమీ లేచేది కాదు. నడుమ ఒక వేపాకు వేస్తే అది ముందుకూ వెనక్కూ జరిగేదే గానీ పైకి లేచేది కాదు. నీళ్లన్నీ ఒలకబోశానని మా నాయిన అరిచేవాడు, బర్రెలు మాత్రం ఎంత మిగిలితే అంత తాగి పోయేవి. ఇప్పటి పిల్లలకు ఒక పని దగ్గర అంతసేపు నిలబడే ఓపిక ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు.

మీ హాలు కూడా ఆ తొట్టే. నీళ్ల బదులు గాలి, నా చెయ్యి బదులు స్పీకరు. హాలు పొడుగు 15 అడుగులైతే, దానికి రెండింతలు, అంటే 30 అడుగుల పొడుగున్న బేస్ (దుమ్ దుమ్ మనే లావు శబ్దం) అల అందులో సరిగ్గా ఊగుతుంది. రెండు చివర్ల గోడల దగ్గర మోత లేస్తుంది, నడుమ అణుగుతుంది. తొట్టి మూలల్లో నీళ్లు ఇంకా ఎక్కువ ఎగిరేవి, మూలకు నెట్టిన స్పీకరు అందుకే అంత బరువుగా మోగుతుంది. కాబట్టి గోడకు ఆనుకుని కూర్చోవద్దు, నట్టనడుమా వద్దు. సౌండ్ ఇంజనీర్లు గది పొడుగులో నూటికి 38 వంతుల దూరం నుంచి మొదలుపెట్టమంటారు. మీ హాలుకైతే వెనక గోడ నుంచి ఆరడుగులకు కాస్త తక్కువ. అక్కడ కుర్చీ వేసి, జానెడు ముందుకూ వెనక్కూ జరుపుతూ వినండి. తొట్టికీ గదికీ ఒక తేడా ఉంది, గదిలో అలలు అడ్డంగానూ, పైకీ కిందికీ కూడా ఊగుతాయి, అందుకే లెక్క దగ్గర ఆగకుండా చెవి చెప్పేదాకా జరపాలి.

ఇక స్పీకర్ల సంగతి. రెండింటి మధ్య ఏడడుగులుంటే మీ తల నుంచి ఒక్కోదానికీ ఏడడుగులే ఉండాలి. దారం కట్టి కొలవండి, కంటిని నమ్మొద్దు. ఒకటి దగ్గరైతే దాని చప్పుడు ముందు చేరి పాటంతా అటే లాగేస్తుంది. ఒక్కో స్పీకరు పెట్టెలో సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు చెవి ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలో తాండూరు బండలూ, నున్నటి గోడలూ చప్పుడును తిరగ్గొడతాయి. ఒకరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ వెంట అద్దం జరుపుతూ పోండి. అద్దంలో స్పీకరు కనబడిన చోట ఒక బొంత వేలాడదీయండి, ముందు నేల మీద ఇంకో బొంత పరచండి. కొత్త పెట్టెలు కొనడం కంటే ఇది ముందు చేయాల్సిన పని.

మా ఊరి పంచాయతీ రేడియోకు ఒకటే మైకు, ఎక్కడ కూర్చున్నా పాట ఆ మైకులోంచే వచ్చేది. రెండు స్పీకర్ల ఆలోచన, అంటే స్టీరియో, లండన్‌లో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరుది. సినిమా తెర మీద మనిషి ఒక పక్క ఉంటే మాట ఇంకో పక్కనుంచి వస్తోందని ఆయనకు నచ్చలేదట, 1931లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు.

సరైన చోటు దొరికిందో లేదో తెలియాలంటే 1950ల నాటి పాట ఒకటి పెట్టండి, ఈమధ్య స్టీరియోగా మార్చింది కాదు, పాతదే. అప్పట్లో అంతా ఒకే ట్రాకు మీద రికార్డు చేసేవాళ్లు. ఫోను పక్కన పెట్టి కళ్లు మూసుకోండి. గొంతు ఎడమ పెట్టెలోంచీ రాదు, కుడి పెట్టెలోంచీ రాదు, రెంటి నడుమ ఖాళీ గోడ దగ్గర మనిషి నిలబడి పాడినట్టు వస్తుంది! అక్కడ ఏమీ ఉండదు. రెండు చెవులకూ ఒకేసారి చేరింది కాబట్టి మెదడు అలా కూర్చుకుంటుందని చెప్పొచ్చు, కానీ ఇన్నేళ్లు విన్నా నాకు ఆ ఆశ్చర్యం తగ్గలేదు.

గొంతు ఎంతకీ నడుమ నిలవకపోతే, బేస్ కూడా సన్నబడితే, కుర్చీ జరపడం ఆపి స్పీకర్ల వెనక చూడండి. ఒకదానికి ప్లస్ మైనస్ వైర్లు తారుమారై ఉంటాయి. మీ నాన్నను పిలిచి ఆంప్లిఫయర్ ఆపించాకే వైరు ముట్టుకోండి.

మీ తాత