జెర్రీ రైస్ 22,895 గజాలు: ఆ రికార్డు ఎలా పుట్టింది?

2021లో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌ను 16 మ్యాచ్‌ల నుంచి 17కు పెంచింది. అప్పటి నుంచి అభిమానుల్లో ఒక పాత ప్రశ్నకు మళ్లీ ఊపు వచ్చింది: పాసులు పట్టి జెర్రీ రైస్ తన కెరీర్ మొత్తంలో జట్టును ముందుకు నడిపిన 22,895 గజాలను ఎవరైనా దాటగలరా? ఏటా 1,400 గజాల చొప్పున 16 ఏళ్లు ఆడినా ఇంకా 495 తక్కువే పడతాయి. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్ 17,492 దగ్గర ఆగిపోయాడు.

రైస్‌ది మెరుపు వేగమేమీ కాదు. మిసిసిపీలో తాపీమేస్త్రీ కొడుకు. చదివింది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న కాలేజీలో. అక్కడి కోచ్ ఆర్చీ కూలీ ఆటంతా పాసుల మీదే నడిపేవాడు. 1985 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 40 గజాల పరుగు సమయం చూసి కొన్ని జట్లు సందేహించాయి. శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్ మాత్రం న్యూ ఇంగ్లండ్ జట్టుతో బేరం కుదుర్చుకుని, 28వ స్థానం నుంచి 16కు ఎగబాకి మరీ అతన్ని తీసుకున్నాడు.

వాల్ష్ ఆటలో పాస్ ఎంత దూరం పోయిందన్నదాని కన్నా ఏ క్షణంలో అందిందన్నదే ముఖ్యం. ఉదాహరణకు స్లాంట్ అనే పరుగు. రిసీవర్, అంటే పాసులు పట్టే రైస్ లాంటి ఆటగాడు, మూడు అడుగులు నేరుగా వేసి లోపలికి ఏటవాలుగా మళ్లుతాడు. అతను మళ్లేసరికే పాసులు విసిరే క్వార్టర్‌బ్యాక్ బంతి వదిలేస్తాడు. మలుపు దగ్గర కాస్త నెమ్మదించినా డిఫెండర్ పసిగట్టి ముందుకు దూకుతాడు, బంతి ఆ డిఫెండర్ పాలవుతుంది. రైస్ మలుపులోనూ వేగం తగ్గేవాడు కాదు. పరుగులోనే అందుకోవడంతో చిన్న పాసులు కూడా టచ్‌డౌన్‌లయ్యేవి (బంతిని మైదానం చివరి ఎండ్‌జోన్‌కు చేర్చి సాధించే స్కోర్లు). ప్రాక్టీసులో సైతం పట్టిన ప్రతి బంతినీ ఎండ్‌జోన్ దాకా మోసుకెళ్లేవాడు. ఆట మొదలయ్యే గీత నుంచి ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను తొయ్యకూడదన్న 1978 నాటి నిబంధన కూడా కలిసొచ్చింది.

మొదటి ఏడాది బంతులు జారవిడిచి ప్రేక్షకుల చేత ఈసడింపులు పడ్డాడు. 1987లో సమ్మె వల్ల 12 మ్యాచ్‌లే ఆడినా 22 పాసులను టచ్‌డౌన్‌లుగా మలిచాడు. 2007లో మరో రిసీవర్ రాండీ మాస్ 23తో దాన్ని దాటడానికి 16 మ్యాచ్‌లు పట్టాయి. 2015లో తన గ్లోవ్స్‌కు కాస్త జిగురు స్ప్రే వాడానని రైస్ స్వయంగా చెప్పడం దుమారం రేపింది, ఎందుకంటే లీగ్ 1981లోనే జిగురును నిషేధించింది. మచ్చే, కాదనలేం. కానీ జిగురు పట్టుకు పనికొస్తుంది, ఇరవై సీజన్ల పరుగుకు కాదు.

ఆ పరుగుకు మూలం శాన్‌కార్లోస్ దగ్గరి ఎడ్జ్‌వుడ్ కొండ. ఆఫ్‌సీజన్‌లో రెండున్నర మైళ్ల ఎగుడుదారిలో పరిగెత్తేవాడు. గాయంతో ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా 12 సీజన్లు గడిచాయి. 1997 తొలి మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెగాయి. పద్నాలుగు వారాలకే తిరిగొచ్చి టచ్‌డౌన్ పట్టాడు, అదే మ్యాచ్‌లో మోకాలిచిప్ప చిట్లింది. తొందరపాటే అది.

గాయానికి ముందు అతని ఖాతాలో ఉన్నవి 16,377 గజాలు. అక్కడితో ఆగి ఉంటే ఈపాటికి ఫిట్జెరాల్డ్ వెనకే ఉండేవాడు. మిగిలిన 6,518 గజాలూ 1997 నుంచి వచ్చినవే. అందులో 1,211 ఓక్‌లాండ్ రైడర్స్ తరఫున, నలభయ్యో ఏట.