పిట్ట ఈల కాదు, ఏటి చీలిక: బర్ట్‌విసిల్ ఇంటిపేరు నేపథ్యం

బ్రిటన్‌లో అంతరించిపోతున్న ఇంటిపేర్లంటూ ఎప్పటికప్పుడు వెలువడే జాబితాల్లో బర్డ్‌విజిల్ అనే పేరు తప్పకుండా కనబడుతుంది. దాని పక్కనే, ఈ పేరు పెట్టుకున్నవారు ఇరవైమంది కూడా మిగల్లేదన్న మాట ఒకటి ఉంటుంది. చదివినవారికి ‘పిట్ట ఈల’ అన్న అర్థం దానంతటదే స్ఫురిస్తుంది కాబట్టి, పూర్వం ఎవరో పక్షుల్లా ఈల వేసే మనిషి ఉండేవాడనీ, అతని సంతతికి ఆ పేరు స్థిరపడిందనీ ఊహించుకోవడం కూడా తేలికే. ఆ ఊహ తప్పు. ఇరవైమంది లెక్క అబద్ధం కాకపోవచ్చు గాని, అది లెక్కపెడుతున్నది వంశాన్ని కాదు, ఒక వర్తనిని, అంటే ఒక స్పెల్లింగును. ఈ పేరు అసలు రూపమైన బర్ట్‌విసిల్ ఇంగ్లండు వాయవ్య ప్రాంతంలో నేటికీ బాగానే వినబడుతుంది.

ఈ పేరును రెండు ముక్కలుగా విడదీయాలి. మొదటిది ప్రాచీన ఆంగ్లంలోని ‘బ్రిడ్’. ఆ కాలంలో పక్షులన్నిటికీ వర్తించే మాట నేటి ‘ఫౌల్’కు పూర్వరూపం, ‘బ్రిడ్’ అంటే పక్షిపిల్ల మాత్రమే. కాలక్రమంలో పిల్లను చెప్పే మాట పక్షిజాతి మొత్తానికి విస్తరించింది, జాతిని చెప్పిన మాట కుంచించుకుపోయి ఇంచుమించు కోళ్ల వంటి పెంపుడు పక్షులకే మిగిలింది. రెండో ముక్క ‘ట్విస్ల’. ఏరు రెండు పాయలుగా చీలే చోటు, లేదా రెండు వాగులు వచ్చి కలిసే చోటు అని దాని అర్థం. ఇంగ్లీషులో ‘రెండు’, ‘కవల’, ‘మెలి’ అనే అర్థాలిచ్చే మాటలు కూడా ఈ ధాతువు నుంచి పుట్టినవే. సంస్కృతంలోని ‘ద్వి’ శబ్దం దీనికి దూరపు చుట్టం. కాబట్టి బర్ట్‌విసిల్ అంటే పక్షిపిల్లలుండే ఏటి చీలిక. ‘బ్రిడ్’ అనేది మనుషులకు మారుపేరుగా కూడా చెల్లేది కాబట్టి, ఆ పేరుగల వ్యక్తికి చెందిన ఏటి చీలిక అని చెప్పుకునే వీలు కూడా ఉంది. ఎటు చూసినా ఇందులో ఈలకు చోటు లేదు.

‘బ్రిడ్’ కాస్తా ‘బర్డ్’ ఎలా అయిందన్నది తెలుగువారికి కొత్తగా తోచనక్కర్లేదు. అచ్చూ రేఫా చోటు మార్చుకున్నాయి, అంతే. తమిళంలో ‘ఇరండు’ అనేదాన్ని మనం ‘రెండు’ అంటాం, వారి ‘ఉరల్’ మనకు ‘రోలు’. వర్ణవ్యత్యయమని భాషాశాస్త్రం పిలిచే ఈ మార్పు మన భాషలో పదాల మొదట జరిగింది, ఇంగ్లీషులో హల్లుల నడుమ జరిగింది. ఇంగ్లండు వాయవ్యంలోని లంకాషైర్ పల్లెల మాండలికంలో పిట్టను చాలాకాలం ‘బ్రిడ్’ అనే పిలిచారు కూడా. ఇక డకారం వెంటనే టకారం వస్తే నోరు రెండిటినీ విడివిడిగా పలకదు. ‘బర్డ్ ట్విసిల్’ కాస్తా ‘బర్ట్‌విసిల్’ అయి కూర్చుంది. రాతలో ‘విసిల్’ ముక్కలో ఒక టకారం కనబడుతుంది గాని దాన్ని పలకరు. మూలపదంలో ఆ టకారం లేనే లేదు. ఈలకు, ముళ్లమొక్కకు ఇంగ్లీషులో ఉన్న మాటల్లో పలకని టకారం ఉంది కాబట్టి, వాటిని చూసి రాసినవారు దీనికీ ఒకటి తగిలించారు.

ఈ ‘ట్విసిల్’ ఊళ్లు పెనైన్ కొండల పశ్చిమపు వాలుల్లో, ముఖ్యంగా లంకాషైర్‌లో ఎక్కువ. ఓస్వాల్డ్‌ట్విసిల్, ఎంట్‌విసిల్, ఎక్స్‌ట్విసిల్ అక్కడివే. కాస్త ఆగ్నేయంగా, ఒకప్పుడు చెషైర్‌లో ఉండి ఇప్పుడు డెర్బీషైర్‌లో చేరిన టింట్‌విసిల్ ఉంది. ఉత్తరాన నార్తంబర్లండ్‌లోని హాల్ట్‌విజిల్ పట్టణం పేరు మరీ తమాషాగా ఉంటుంది. రైలు ఆగి ఈల వేసే చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎవరైనా అనుకుంటే నవ్వడానికి లేదు, రాతలో అచ్చంగా అలాగే ఉంటుంది మరి. రైళ్లు పుట్టడానికి శతాబ్దాల ముందు నుంచే ఆ పేరుంది. పేరు పూర్వార్ధం గురించి పండితుల్లో భేదాలున్నా, ఉత్తరార్ధం మాత్రం ఈ ‘ట్విస్ల’యే. అంటే ఏటి చీలికను ఈలగా వినడం ఒక్క ఇంటిపేరుకు పట్టిన గ్రహచారం కాదు.

బర్ట్‌విసిల్ అన్న పేరు మొదట ఒక చోటిది. లంకాషైర్‌లో పెండిల్ కొండకు దక్షిణాన, కాల్డర్ ఏటి ఒడ్డున పాడియం అనే చిన్న పట్టణం ఉంది. దానికి ఆనుకుని ఉన్న హాప్టన్ పరిధిలో ఈ బర్ట్‌విసిల్ ఉండేది. ఇప్పుడది ఊరుగా లేదు. ఇంగ్లీషు స్థలనామాల పరిశోధకులు ఇలాంటివాటిని ‘పోయిన చోట్లు’ అని విడిగా గుర్తిస్తారు. చోటు పోయి ఇంటిపేరు మిగలడం వల్లనే ఈ పేరుకు ఇన్ని అపార్థాలు వచ్చాయి; ఏటి పక్కన ఆ ఊరు ఇంకా ఉండి ఉంటే, పేరు ఎక్కడిదన్న ప్రశ్నకు దారిన పోయే పిల్లవాడు కూడా జవాబు చెప్పేవాడు.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, భూములున్న దొరలు తమ ఎస్టేటు పేరును కొడుకులకు సంక్రమింపజేయడంతో వంశపారంపర్యపు ఇంటిపేర్లు మొదలయ్యాయి. సామాన్యులకు అవి మెల్లగా, దక్షిణాన ముందు, ఉత్తరాన తరువాత పట్టుబడ్డాయి. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను వసూలుకు రాసుకున్న చిట్టాలు చూస్తే, ఉత్తరాది జిల్లాల్లో చాలామందికి అప్పటికి ఇంటిపేరు స్థిరపడలేదని, ఫలానావాడి కొడుకనో ఫలానావాడి కూతురనో రాసి ఊరుకున్నారని తెలుస్తుంది. లంకాషైర్ ఇంటిపేర్లపై రిచర్డ్ మెకిన్లీ 1981లో ప్రచురించిన పరిశోధన ఆ జిల్లాలో స్థలనామాల నుంచి వచ్చిన ఇంటిపేర్ల పాలు అసాధారణంగా ఎక్కువని చూపింది. అక్కడి ఊళ్లు ఒకచోట గుమిగూడినవి కావు. కొండవాలుల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా విసిరేసినట్లున్న కమతాలకు, మెట్టలకు, వాగుమలుపులకు వేటికవే పేర్లుండేవి. ఆ పేరే అక్కడ కాపురమున్న ఒకటి రెండు కుటుంబాలకు అంటుకునేది. బర్ట్‌విసిల్ పుట్టుక ఇలాంటిదే. ఈ పేరు ఎన్నడూ స్మిత్ అంత విస్తారంగా లేకపోవడానికి కారణం కూడా ఇదే. కమ్మరి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు కాబట్టి స్మిత్ అనే పేరు వేలాది చోట్ల విడివిడిగా పుట్టింది. బర్ట్‌విసిల్ ఒక్క చోటే పుట్టింది.

మూలం మరుగున పడ్డాక పేరును ఎదుట కనబడే మాటతో అన్వయించుకోవడం లోకసహజం. హాప్టన్ పరిధిలోనే షటిల్‌వర్త్ హాల్ అనే పాత భవనం ఉంది. చుట్టూ నూలు మిల్లుల సీమ కాబట్టి ఆ షటిల్‌ను మగ్గంలో ఆడే నాడెగా తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది, కాని అది పాత భాషలో గడియ. షటిల్‌వర్త్ అంటే గడియ పెట్టిన ఆవరణ. ఇంతకన్నా మనకు దగ్గరి ఉదాహరణ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పేరు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊళ్లు తక్కువ, ఆ పేరుకు ‘పత్తి’ అని అర్థం చెప్పుకునేవారికి కూడా కొదవ లేదు. పత్తికి ఇంగ్లీషులో ఉన్న మాట అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరులోని కాటన్ ప్రాచీన ఆంగ్లంలో ‘గుడిసెల దగ్గర’ అనే అర్థమున్న ‘కోటుమ్’ నుంచి వచ్చింది. రాతలో ఒకటే, పుట్టుకలో సంబంధం లేదు.

ఇక వర్తని సంగతి. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చిలోనూ బాప్తిస్మం, పెళ్లి, ఖననం నమోదు చేయాలని ఆజ్ఞాపించాడు. ఆ పుస్తకంలో రాసేది చర్చి గురువో, గుమాస్తానో. చెప్పేవారికి చాలాసార్లు చదువు రాదు. 1753 నాటి వివాహచట్టం ప్రకారం వధూవరులు స్వయంగా సంతకం చేయాలి, రానివారు గీటు పెట్టాలి. పేరు గుమాస్తా రాస్తే, దాని పక్కన వధువు కలంతో ఒక ఇంటూ గుర్తు గీసి వెళ్లిపోయిన పేజీలు లంకాషైర్ రిజిస్టర్లలో కోకొల్లలు. తన పేరును ఎలా రాశారో ఆమెకు తెలిసే అవకాశమే లేదు. ఆ గుమాస్తా స్థానికుడైతే ‘ట్విసిల్’ ఊళ్లన్నీ అతనికి పరిచితాలు కాబట్టి సరిగానే రాస్తాడు. దూరప్రాంతం వాడైతే తన చెవికి ‘బర్ట్ విసిల్’ అని వినబడినదాన్ని, తనకు తెలిసిన రెండు మాటలుగా విడగొట్టి, పిట్టను ఈలను పక్కపక్కన కూర్చోబెడతాడు. బర్ట్‌విసిల్, బర్ట్‌విజిల్, బర్ట్‌వైజిల్, బర్డ్‌విజిల్ వంటి రూపాలన్నీ ఇలా ఏర్పడినవే. 1837 జూలై 1 నుంచి జననమరణాల నమోదును ప్రభుత్వం చేపట్టింది, 1870 నాటి విద్యాచట్టంతో చదువు జనంలోకి వెళ్లింది. దాంతో వర్తని కదలిక ఆగిపోయి, ఆ క్షణాన ఏ కుటుంబం దగ్గర ఏ రూపం ఉంటే అదే వారి ‘సరైన’ ఇంటిపేరై గడ్డకట్టింది.

ఇంటిపేరు అసలు ఎందుకు అంతరిస్తుందన్న ప్రశ్న గణితశాస్త్రంలో ఒక శాఖకే నాంది పలికింది. 1348–49 నాటి మహామారిలో ఇంగ్లండు జనాభాలో కనీసం మూడో వంతు పోయింది; ఒక్క కుటుంబానికే ఉన్న పేర్లు ఎన్నో దాంతో తుడిచిపెట్టుకుపోయి ఉంటాయి. కాని మహామారులు లేకపోయినా పేర్లు పోతాయి. ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఈ సమస్యను పత్రికాముఖంగా అడిగితే, హెన్రీ వాట్సన్ అనే మతగురువు దాన్ని గణితంలోకి దింపాడు, 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. లెక్క చిన్నది. ఒక ఇంటిపేరు గల మగవాడికి కొడుకులు లేకపోవడానికి నాలుగింట ఒక వంతు, ఒక్క కొడుకే ఉండడానికి సగం, ఇద్దరుండడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉందనుకుందాం. సగటున ఒక మనిషికి ఒక కొడుకు. జనాభా పెరగదు, తగ్గదు. అయినా మూడు తరాలు తిరిగేసరికి ఆ పేరు పోయే అవకాశం 48 శాతం, పది తరాలకు 74 శాతం. పేర్లన్నీ ఎప్పటికైనా పోవలసిందేనని వాట్సన్ తేల్చాడు గాని అది పొరపాటు. సగటు ఒకటి దాటితే కొన్ని వంశాలు శాశ్వతంగా నిలిచే అవకాశముందని తరువాతివారు సవరించారు. బర్ట్‌విసిల్‌ను నిలబెట్టినది ఆ సవరణలో చెప్పిన పరిస్థితే. 1801లో 90 లక్షలకు కాస్త తక్కువగా ఉన్న ఇంగ్లండు, వేల్స్ జనాభా 1901 నాటికి 3 కోట్ల 25 లక్షలైంది. ఆ పెరుగుదలలో నూలు మిల్లుల లంకాషైర్ ముందువరుసలో ఉంది. పేరు పుట్టిన కొండవాలు పక్కనే బ్లాక్‌బర్న్, బర్న్‌లీ, అక్రింగ్టన్ పట్టణాలు పెరగడంతో, కూలి కోసం దూరం పోవలసిన అవసరం లేక ఈ కుటుంబాలు అక్కడే విస్తరించాయి. అక్రింగ్టన్ నేత కార్మికుల సంఘాన్ని నడిపి, తరువాత ప్రభుత్వ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరైన థామస్ బర్ట్‌విసిల్, అదే పట్టణంలో 1934లో పుట్టి 2022లో మరణించిన ప్రసిద్ధ సంగీతకర్త సర్ హారిసన్ బర్ట్‌విసిల్, ఇద్దరూ ఆ నేల మనుషులే.

ఒకే పేరున్నవారంతా ఒకే మూలపురుషుడి సంతతా అన్నది ఇప్పుడు జన్యుపరీక్షకు అందుతుంది, ఎందుకంటే ఇంగ్లండులో ఇంటిపేరులాగే వై క్రోమోజోము కూడా తండ్రి నుంచి కొడుకుకే వస్తుంది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,600 మందికి పైగా పురుషులను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్ వంటి పేరున్నవారి మధ్య పోలిక వీధిలో ఎదురైన ఇద్దరు అపరిచితుల మధ్య ఉన్నంతే. అటెన్‌బరో వంటి అరుదైన పేరులో మాత్రం దాదాపు 87 శాతం మందిది ఒకే రకం క్రోమోజోము. పేరు ఎంత అరుదైతే చుట్టరికం అంత నిజమయ్యే అవకాశం ఉందన్నమాట.

అరుదు అనడానికి గీత ఎక్కడ గీయాలి? 2016లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంటిపేర్ల నిఘంటువు, ప్రస్తుతం వందమందికి మించి ఉన్న పేర్లను, 1881 జనాభా లెక్కల్లో ఇరవైమందికి మించి ఉన్న పేర్లను తీసుకుంటే 45 వేలు దాటాయి. స్మిత్ ఒక్కటే 5 లక్షలకు పైగా ఉంది. 1881 లెక్కలే ఇలాంటి పరిశోధనలకు ఆధారం, ఎందుకంటే ఆ ఏటి చేతిరాత పుటలన్నీ స్వచ్ఛంద కార్యకర్తలు ఎత్తి రాసిపెట్టారు. ఎత్తి రాసేటప్పుడు కూడా అక్షరాలు తారుమారవుతాయి. ఎన్నడూ ఎవరికీ లేని ‘అరుదైన’ పేర్లు కొన్ని అక్కడ పుట్టినవే. సముద్రం దాటిన రూపాలు సరేసరి. శరీర కదలికల అధ్యయనానికి ఆద్యుడైన అమెరికన్ మానవశాస్త్రవేత్త రే బర్డ్‌విసెల్ ఇంటిపేరు చివర ఈ ట్విసిల్ మరో వర్తనిలో ఉంది. మన వేమూరివారే అమెరికా వెళ్లి, అన్న ‘మూ’ను రెండు ఓలతో, తమ్ముడు ఒక్క యూతో రాయించుకుంటే కంప్యూటరు వారిని రెండు ఇంటిపేర్లవారిగా లెక్కవేస్తుంది, రెండోది అరుదైనదని కూడా చెబుతుంది.

అందుచేత ఈ వంశాన్ని వెతికేవారు బర్డ్‌విజిల్ అన్న ఒక్క వర్తని పట్టుకుని కూర్చుంటే ఏదో ఒక తరం దగ్గర దారి మూసుకుపోతుంది. మొదటి అక్షరం తరువాత వచ్చే అచ్చు, నడుమ ఉండే డకార టకారాలు, ‘విసిల్’ రాతలో కొన్నిచోట్ల ఉండి కొన్నిచోట్ల లేని హకారం, ఈ మూడింటినీ మార్చి మార్చి చూడాలి, ఆ పైన పాడియం చర్చి రిజిస్టర్లకు, దానికి తల్లిచర్చి అయిన వ్హాలీ రిజిస్టర్లకు వెళ్లాలి.