నిద్ర మాత్రలు: మెడికల్ షాపు కౌంటర్ దగ్గర వినే అపోహలు, అసలు సంగతులు

మందుల చీటీ మీద మాత్ర పేరుంటుంది, మోతాదుంటుంది. ఎప్పుడు ఆపాలో మాత్రం చాలా చీటీల మీద ఉండదు. ఫార్మసిస్టుగా నిద్ర మాత్రలతో నేను చూసే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతాయి. రెండు వారాలకని రాసిన మాత్ర రెండేళ్లు నడుస్తుంది. ఈలోగా రాసిన డాక్టరు ఊరు మారిపోయి ఉంటారు, చీటీ మడతల దగ్గర చిరిగి ఉంటుంది. చేతిలో ఆ చీటీతో వచ్చేవాళ్లు చెప్పే మాటలు మాత్రం ఎప్పుడూ ఇవే.

“పావు మిల్లీగ్రాము ఏం చేస్తుందండీ?”

అల్ప్రజోలమ్ మాత్రల షీటు మీద 0.25 అని చూసి ఇది చాలా చిన్న డోసు అనుకుంటారు. అదే మనిషి జోల్పిడెమ్ అనే మరో నిద్ర మాత్ర మీద 10 అని చూస్తే అమ్మో అంటారు. వేర్వేరు మందుల మిల్లీగ్రాముల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అల్ప్రజోలమ్ గానీ క్లోనాజెపామ్ గానీ అర మిల్లీగ్రాము, పాతకాలపు డయజెపామ్ 5 నుంచి 10 మిల్లీగ్రాములకు దీటుగా పనిచేస్తుందని లెక్క. అంటే ‘అర’ అనేది నిజానికి చిన్నదేం కాదు.

షీటు తిప్పి చూడండి. ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటే అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన ఒక జాబితాలోది. 2014 మార్చి నుంచి మన దేశంలో అల్ప్రజోలమ్, డయజెపామ్, నైట్రజెపామ్, జోల్పిడెమ్ ఈ జాబితాలో ఉన్నాయి. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, మీ పేరు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ అడిగితే “నన్ను అనుమానిస్తున్నారా” అని కోప్పడేవాళ్లున్నారు. అడగకుండా ఇచ్చే షాపు మీదే అనుమానపడాలని నా అభిప్రాయం.

“నాకేం అలవాటు కాలేదు, ఎప్పుడంటే అప్పుడు మానేస్తా”

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. ఇందుకు రుజువు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవి అల్ప్రజోలమ్, డయజెపామ్ లాంటివే. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోతే, రోజూ తాగేవాళ్లు వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. చాలామంది అది కల్లు మానేసినందుకు వచ్చిన జబ్బనుకున్నారు. నిజానికి కల్లులో కలిపిన మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతే శరీరం అలాగే ఎదురుతిరుగుతుంది.

ఈ మందులు మెదడులో గాబా అనే రసాయనం చేసే పనిని పెంచుతాయి. హడావుడిని తగ్గించే రసాయనం అది. రోజూ బయటి సాయం అందుతుంటే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా మాత్ర ఆపేస్తే ఆ హడావుడికి పగ్గం ఉండదు. షీటు మాత్రలు వేసుకునేవాళ్లకి కల్లు కేసుల్లో ఉన్నంత తీవ్రత ఉండకపోవచ్చు. కానీ మానేసిన రెండో రాత్రి అసలు కన్ను మూతపడదు, గుండె దడ, చిరాకు, చెమటలు. “చూశారా, మాత్ర లేకపోతే నాకు నిద్రే రాదు” అని మళ్లీ షాపుకొస్తారు. అది పాత నిద్రలేమి తిరగబెట్టడం కాకపోవచ్చు. మాత్ర ఆపినందుకు కొన్నాళ్లుండి పోయే బాధ కావచ్చు. ఈ తేడా ముందే ఎవరైనా చెప్పి ఉంటే సగం భయం తగ్గేది.

“పొద్దునకల్లా దిగిపోతుంది”

మందును బట్టి. జోల్పిడెమ్ సగానికి తగ్గడానికి సుమారు రెండున్నర గంటలు పడుతుంది. అల్ప్రజోలమ్‌కు పదకొండు గంటలు. క్లోనాజెపామ్‌కు ఒక రోజు దాటుతుంది. కాబట్టి రోజూ వేసుకుంటే నిన్నటి మందు మీద ఇవాళ్టిది పడుతూ ఉంటుంది. ‘తొందరగా దిగే’ జోల్పిడెమ్ కూడా ఆడవాళ్ల శరీరంలోంచి నెమ్మదిగా పోతుందని తేలాక, 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్లకి మొదలుపెట్టే మామూలు మాత్ర డోసును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. పొద్దున్నే స్కూటీ మీద పిల్లల్ని స్కూల్లో దింపే తల్లికి ఇది చిన్న విషయం కాదు.

ఇదే జోల్పిడెమ్‌తో కొందరు నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, బండి నడపడం కూడా జరిగింది. పొద్దునకి ఏదీ గుర్తుండదు. 2019లో ఎఫ్‌డీఏ దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. ఒక్కసారి అలా జరిగినా ఆ మందు మళ్లీ వేసుకోకూడదు.

“పెద్దాయన, ఈ వయసులో కాస్త నిద్రయినా పోనివ్వండి”

కొడుకులు, కోడళ్లు ప్రేమతోనే అంటారు. కానీ డెబ్బై ఏళ్ల మనిషి రాత్రి రెండింటికి బాత్రూముకి లేస్తాడు. లైటు వేయడు, అందర్నీ లేపడమెందుకని. మాత్ర మత్తులో అడుగు తడబడుతుంది. గచ్చు తడిగా ఉంటుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషను, మంచం, నెలల తరబడి సేవ. పెద్ద వయసులో కాలేయం మందును నెమ్మదిగా విరుస్తుంది కాబట్టి అదే డోసు ఎక్కువసేపు ఉంటుంది. ‘నాన్నగారికి మతిమరుపు మొదలైంది’ అని తీసుకొచ్చేవాళ్లని నేను ముందు అడిగేది, రాత్రి ఏ మాత్ర ఇస్తున్నారని.

నిద్ర మాత్ర వద్దని జలుబు, అలర్జీ మాత్ర ఇచ్చే ఇళ్లూ ఉన్నాయి. ఎవిల్ లాంటి పాత అలర్జీ మందులు పెద్దవాళ్లలో గందరగోళం, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం తెస్తాయి. అది మెరుగైన దారేం కాదు.

“ఒక పెగ్గు మీద వేసుకుంటే బాగా పట్టేస్తుంది”

పట్టేస్తుంది, ఊపిరి కూడా మందగిస్తుంది. నొప్పికి వాడే ట్రమడాల్ లాంటివి తోడైతే మరీ ప్రమాదం. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లు, సంగతి డాక్టరుకు చెప్పకుండా ఈ మాత్రలు వేసుకోకూడదు. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్ అల్ప్రజోలమ్‌ని శరీరంలో పేరుకునేలా చేస్తుంది. చర్మం డాక్టరుకి మీ నిద్ర మాత్ర సంగతి తెలియదు, మీరే చెప్పాలి. ఎవరైనా ఎక్కువ మాత్రలు మింగితే తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి. మనసు బాగాలేక చనిపోవాలన్న ఆలోచనలొస్తుంటే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలిమానస్ 14416 ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

“ఒకసారి మొదలెడితే జీవితాంతమేనట”

కాదు. కొద్ది రోజులకని, కారణం తెలిసి వేసుకుంటే ఇవి పనికొచ్చే మందులే. ఇంట్లో చావు జరిగాకో, ఆపరేషను తర్వాతో నాలుగు రాత్రుల నిద్ర మనిషిని నిలబెడుతుంది. నెలల తరబడి సాగే నిద్రలేమికి మాత్రం ముందు ప్రయత్నించాల్సింది సీబీటీ-ఐ అనే మాటల వైద్యం. నిద్ర రాకపోతే మంచం మీంచి లేవడం, ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకి లేవడం, మంచంలో గడిపే గంటలు కుదించడం ఇందులో భాగం. మొదటి వారం విసుగొస్తుంది, చిన్న ఊళ్లలో చేసేవాళ్లు దొరకడమూ కష్టమే.

ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడి, కొన్ని వారాలకొకసారి కొంచెం కొంచెంగా దించుకోవచ్చు. చివరి పావు దగ్గరే ఎక్కువ టైమ్ పడుతుంది. పిల్ల పెళ్లికి ముందు నెలలోనో, కొత్త ఉద్యోగంలో చేరే వారంలోనో మొదలెట్టకండి. సీఆర్ అని రాసున్న మాత్రల్ని విరగ్గొట్టకండి, రాత్రంతా మెల్లగా రావాల్సిన మందు ఒకేసారి వచ్చేస్తుంది. తగ్గించే డోసు ఆ షీటులో లేకపోతే మమ్మల్ని అడగండి, చిన్న డోసు తెప్పిస్తాం. కొత్త చీటీ మాత్రం తప్పకుండా తీసుకురండి, రిజిస్టర్‌లో రాయాలి.