వైరస్‌ను పట్టే చక్కెరలు మింగితే పనిచేయవు: అపోహలు, వాస్తవాలు

సముద్రపు నాచు నుంచి తీసిన క్యారజీనన్, ఫ్యూకాయిడాన్ అనే చక్కెర గొలుసుల గురించి ఒక వార్త వస్తుంది: "వైరస్ కణానికి అంటుకోకుండా ఆపింది" అని. వారం తిరక్కుండానే అది "రోజుకు రెండు క్యాప్సూల్స్ వేసుకుంటే ఏ వైరస్సూ దరిచేరదు" అనే ఫార్వర్డ్‌గా మారిపోతుంది. ఇంట్లో కీమో తీసుకుంటున్న మనిషో, ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దవాళ్ళో ఉంటే అలాంటి మాట నమ్మాలనిపించడం సహజం. వాళ్ళని తప్పుపట్టలేం. వార్తను సగం చదివి, మిగతా సగం కల్పించి పంచేవాళ్ళదే తప్పు.

అపోహ: మింగితే ఒళ్ళంతా చేరి కాపాడుతుంది

జనం ఎక్కువగా నష్టపోయేది దీనివల్లే. కాబట్టి వివరంగా చూద్దాం.

మన కణాల పైపొర మీద హెపరాన్ సల్ఫేట్ అనే పొడవాటి చక్కెర గొలుసులు నూగులా ఉంటాయి. సల్ఫేట్ల వల్ల వాటికి రుణావేశం ఉంటుంది. హెర్పిస్ సింప్లెక్స్, పాపిలోమా, డెంగీ లాంటి వైరస్‌ల ఒంటి మీద ధనావేశం ఉన్న చోట్లు ఉంటాయి. అవి ముందు ఈ నూగును పట్టుకుని నిలదొక్కుకుంటాయి, ఆ తర్వాతే లోపలికి దారి ఇచ్చే రిసెప్టర్‌ను అందుకుంటాయి. కరోనా వైరస్ మీది స్పైక్ ప్రోటీన్ కూడా ఏసీఈ2 అనే రిసెప్టర్‌తో పాటు హెపరాన్ సల్ఫేట్‌ను వాడుకుంటుందని 2020లో తేలింది. అలాంటి గొలుసులనే బయటినుంచి దండిగా పోస్తే వైరస్ వాటికి చిక్కుకుని కణం దాకా రాలేదు. ఇలాంటి గొలుసే అయిన హెపరిన్ అనే మందు హెర్పిస్‌ను ఇలా అడ్డుకుంటుందని 1964లోనే చూపించారు. ఇంతవరకూ అంతా నిజమే.

చిక్కంతా సైజు దగ్గరే. గ్లూకోజ్ అణుభారం 180. హెపరిన్‌ది సగటున 15,000. క్యారజీనన్‌ది లక్షల్లో ఉంటుంది. ఇంత పెద్ద గొలుసు, అదీ ఒళ్ళంతా ఆవేశంతో, పేగు గోడ దాటి చెప్పుకోదగ్గ మోతాదులో రక్తంలోకి వెళ్ళదు. రక్తం గడ్డకట్టకుండా హెపరిన్‌ను దశాబ్దాలుగా వాడుతున్నా, ఈ రోజుకీ ఇంజెక్షన్‌గానే ఇస్తున్నారు. మింగితే పనిచేసేదైతే ఆ సూది పోట్లు ఎప్పుడో తప్పేవి.

ఇది మనుషుల్లో పరీక్షించి చూసిన సంగతే. 1980ల చివర్లో, హెచ్‌ఐవీకి మందులు దాదాపు లేని రోజుల్లో, డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ అనే ఇలాంటి గొలుసు మీద ఎంతోమంది ఆశ పెట్టుకున్నారు. ల్యాబ్‌లో అది వైరస్‌ను బ్రహ్మాండంగా ఆపింది. నోటి ద్వారా ఇస్తే రక్తంలోకి దాదాపు చేరనే లేదు. సరేనని నేరుగా సిరలోకి ఎక్కిస్తే ప్లేట్‌లెట్లు పడిపోయాయి, జుట్టు ఊడింది, వైరస్ మీద ప్రయోజనం మాత్రం కనబడలేదు. సల్ఫేట్ గొలుసుకు వైరస్ ఒక్కటే కనబడదు మరి. రక్తంలో ధనావేశమున్న ప్రోటీన్లు బోలెడు. గొలుసులు ముందు వాటికి అంటుకుపోతాయి, మిగిలింది వైరస్‌కు చాలదు.

కొవిడ్ రోగులకు ఆసుపత్రిలో హెపరిన్ ఇచ్చింది కూడా వైరస్‌ను పట్టడానికి కాదు, రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా.

కాబట్టి ఈ చక్కెరలు పనిచేయాలంటే మూడూ కుదరాలి. వైరస్ దిగే పొర మీదే ఉండాలి. అది దిగకముందే ఉండాలి. పలచబడకుండా ఉండాలి. క్యాప్సూల్‌తో ఈ మూడింట్లో ఒక్కటీ కుదరదు. పైగా కొన్ని నాచు పొడుల్లో అయోడిన్ విపరీతంగా ఉంటుంది, థైరాయిడ్ ఉన్నవాళ్ళకు అది నిజంగా ప్రమాదం. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళు ఫ్యూకాయిడాన్ లాంటివి డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది: క్యాప్సూల్ వేసుకున్నాం కదా అని టీకా వాయిదా వేయడం, జ్వరం వచ్చినా పరీక్షకు వెళ్ళకపోవడం.

అపోహ: వైరస్‌ను పట్టిందంటే చంపినట్టే

కాదు. ఇక్కడ ల్యాబ్‌లో చేసే ఒక చిన్న పరీక్ష చెప్పాలి. వైరస్‌నూ పాలీశాకరైడ్‌నూ (అంటే పొడవాటి చక్కెర గొలుసునూ) కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతారు. ఆ మిశ్రమాన్ని పదేసి రెట్లు పలచన చేసుకుంటూ పోయి, పదార్థం పనిచేయలేనంత తక్కువకు వచ్చాక కణాల మీద వేసి ప్లాక్‌లు, అంటే వైరస్ కణాలను చంపిన చోట ఏర్పడే మచ్చలు, లెక్కపెడతారు. మామూలు హెపరిన్‌తో చేస్తే ప్లాక్‌లు మళ్ళీ నిండుగా వస్తాయి. అంటే పట్టు సడలింది, వైరస్ చెక్కుచెదరకుండా బయటపడింది. ముక్కులోనూ ఇదే జరుగుతుంది: శ్లేష్మం నిమిషాల్లోనే గొంతువైపు జారిపోతూ ఉంటుంది, దాంతోపాటే మందూ పలచబడుతుంది. పట్టాక వైరస్ పైకవచాన్నే చెడగొట్టే పదార్థాలూ తయారయ్యాయి. 2018లో పొడవాటి సల్ఫోనేట్ తోకలున్న బంగారు నానోకణాలు, 2020లో అలాంటి తోకలే అతికించిన సైక్లోడెక్స్‌ట్రిన్లు (ఉంగరంలా ఉండే చక్కెరలు) వచ్చాయి. అవి ఇంకా పరిశోధన దశలోవే.

అపోహ: ల్యాబ్‌లో 99 శాతం ఆగింది, ఇంకేం కావాలి?

ఆ 99 ఎలా వచ్చిందో అడగాలి. కణాల్లో పదే పదే పెంచిన వైరస్ హెపరాన్ సల్ఫేట్‌ను గట్టిగా పట్టుకునేలా మారిపోతుంది. దోమల ద్వారా వచ్చే సింద్‌బిస్ వైరస్‌లోనూ, గాలికుంటు వైరస్‌లోనూ ఇది స్పష్టంగా చూశారు. అలాంటి ల్యాబ్ వైరస్‌ను హెపరిన్‌తో ఆపడం తేలిక, రోగి నుంచి తెచ్చినదాన్ని ఆపడం కష్టం. ఇంకో పొరపాటు పీసీఆర్‌ది. హెపరిన్ పీసీఆర్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కణాలను సరిగా కడగకుండా ఆర్‌ఎన్‌ఏ తీస్తే, వైరస్ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. అందుకే వైరల్ లోడ్‌కు రక్తం హెపరిన్ ట్యూబులో కాకుండా ఈడీటీఏ ట్యూబులో తీస్తారు. ప్లాక్ పరీక్షలో పైన పోసే అగార్‌లోనూ సల్ఫేట్ చక్కెరలు ఉంటాయి. అవే కొన్ని వైరస్‌లను అణచి, ప్లాక్‌లను చిన్నవి చేస్తాయి. అలాంటప్పుడు ధనావేశమున్న డీఈఏఈ డెక్స్‌ట్రాన్ కలిపి వాటి ప్రభావాన్ని తీసేస్తారు. పోలిక కోసం (కంట్రోల్‌గా) సల్ఫేట్ లేని మామూలు డెక్స్‌ట్రాన్ పెట్టని ఫలితాన్ని అసలు లెక్కలోకి తీసుకోకూడదు.

మనుషుల దాకా వెళ్ళాక ఏమైందో చూడండి. క్యారజీనన్ జెల్ హెచ్‌ఐవీని ఆపుతుందేమోనని దక్షిణాఫ్రికాలో 6 వేల మందికి పైగా మహిళల్లో పరీక్షించారు. హాని లేదు, రక్షణా లేదని 2008లో ఫలితం వచ్చింది. జెల్ వాడవలసిన సందర్భాల్లో సగం కూడా వాడలేదని అప్లికేటర్ల పరీక్షలో తేలింది. ల్యాబ్‌లో తేలిగ్గా లొంగిన ఎక్స్4 రకం హెచ్‌ఐవీ వేరు, మనిషి నుంచి మనిషికి ఎక్కువగా సోకే ఆర్5 రకం వేరు అన్నది ఇంకో కారణం. సెల్యులోజ్ సల్ఫేట్ జెల్ పరీక్షనైతే, వాడినవాళ్ళలోనే ఇన్ఫెక్షన్లు ఎక్కువగా ఉన్నాయేమోనన్న అనుమానంతో 2007 జనవరిలో ఆపేశారు.

మరి ముక్కు స్ప్రే?

దీన్ని కొట్టిపారేయక్కర్లేదు. స్ప్రేలో వాడే అయోటా రకం క్యారజీనన్ ముక్కు పొర మీదే ఉంటుంది, అంటే చోటు సరైనదే. అర్జెంటీనాలో కొవిడ్ రోగుల మధ్య పనిచేసే 394 మంది ఆరోగ్య సిబ్బందికి రోజుకు 4 సార్లు చొప్పున ఇచ్చి చూస్తే, స్ప్రే వాడినవాళ్ళలో 1 శాతానికి, ఉత్త ద్రావణం వాడినవాళ్ళలో 5 శాతానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. మొత్తం కేసులు 12 మాత్రమే కాబట్టి ఆ అంకెను తలకెక్కించుకోకూడదు. వాడేటప్పుడు ముందు ముక్కు చీదాలి. మొన ముక్కు మధ్య గోడవైపు కాకుండా పక్కకు తిప్పి కొట్టాలి. కొట్టగానే గట్టిగా పీల్చకూడదు, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. పొద్దున ఒకసారి కొట్టి రోజంతా భరోసాగా ఉండడం వృథా. మాస్కుకూ టీకాకూ ఇది బదులు కాదు.

ఇక చిన్నవి

చక్కెర నీళ్ళు పుక్కిలిస్తే సరిపోదా? సరిపోదు. ఫ్లూ వైరస్ పట్టుకునే సియాలిక్ ఆమ్లాన్ని ఒంటరిగా తీసుకుంటే ఆ పట్టు చాలా బలహీనం. వందల చోట్ల ఒకేసారి పట్టుకుంటేనే వైరస్ నిలుస్తుంది. దాన్ని మరిపించాలంటే అన్ని కొక్కేలున్న పొడవాటి గొలుసు కావాలి.

స్ప్రేతో షుగర్ పెరుగుతుందా? పెరగదు. క్యారజీనన్ గ్లూకోజ్‌గా అరగదు.

ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కూడా వైరస్‌ను అంటుకోనివ్వదా? కాదు. అది సియాలిక్ ఆమ్లాన్ని పోలిన మందే గానీ, కొత్త వైరస్‌లు కణాన్ని వదిలి వెళ్ళకుండా ఆపుతుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ.

తల్లిపాలలోని చక్కెరల గురించి అడిగే అమ్మలకు ఒక మాట. లీటరు పాలలో 5 నుంచి 15 గ్రాముల దాకా ఉండే ఆ ఒలిగోశాకరైడ్లు (పొట్టి చక్కెర గొలుసులు) కణాల మీది చక్కెరలను పోలి ఉంటాయి. కొన్ని సూక్ష్మజీవులు పేగు గోడను వదిలి వాటినే పట్టుకుంటాయి. ఇక్కడ మింగినా పనిచేయడానికి కారణం అవి పనిచేయవలసిన చోటు పేగే కావడం. ఏ చక్కెరలు ఎంత ఉంటాయన్నది తల్లి జన్యువులను బట్టి మారుతుంది, అది ఎవరి లోపమూ కాదు. పాలు ఎన్ని తాగినా రోటావైరస్ చుక్కలు వేళకు వేయించాల్సిందే. పాలు తక్కువై డబ్బా పాలు పడుతున్న తల్లి బిడ్డకూ అదే చుక్కలు, అదే వేళకు.